మూడో బండ నత్తల కోసం

ఇందులో ప్రతి ముక్కా నిజం. చిక్కడపల్లిలో నా మాట నమ్మేవాళ్లు తక్కువ గనుక, నా రెండు కండ్ల మీద ఒట్టేసి మొదలుపెడుతున్న.

నారాయణగూడలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో నేను అటెండర్ని. స్రవంతి అక్కడ పరిశోధన చేస్తది, అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటది. పోయిన ఏడు భీమిలి తీరంల మూడు బండల మీది సముద్రపు నత్తలు తెచ్చి, "అన్నా, జర స్పిరిట్‌ల వెయ్యి" అన్నది. రెండు సీసాలకే స్పిరిట్ అయిపోయింది. ఇరవై ఏండ్ల అలవాటు కొద్దీ మూడోదాన్ని ఫార్మలిన్‌తో నింపిన. నత్తలు నిగనిగలాడుతున్నయి గానీ, లోపలి డీఎన్‌ఏ చదవరాకుండా పోయింది. అది లేకుంటే ఆమె థీసిస్ నిలవదు. అందుకే ఈ ప్రయాణం.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు ఆటో, సికింద్రాబాద్‌లో విశాఖ రైలు, డబ్బాలో పులిహోర. తుని పోతున్న ఎదురు సీటావిడ "ఏం పని మీదండీ?" అని అడిగింది.

"నత్తల జనాభా లెక్కలమ్మా" అన్న.

"వాటికీ ఆధార్ ఇస్తారేంటండీ?"

స్రవంతి నవ్వలేదు. "ఆలిచిప్పల పిల్లలు వారాలకొద్దీ నీళ్లల్ల తేలిపోతయక్కా. ఏ తీరం చూసినా అవన్నీ చుట్టాలే. ఈ నత్త గుడ్లను బండకే అంటిస్తది. పిల్ల పుట్టిన బండ మీదనే పాకుతది. ఒక్కో బండది ఒక్కో వంశం."

"ఆ బండకేమన్నా అయితేనో?"

"ఇగ ఆ వంశం లేనట్టే."

పొద్దున ఏడున్నరకు విశాఖ. స్టేషన్ ఎదురుగా ఇడ్లీ తిని భీమిలి బస్సెక్కినం. చివరి రెండు కిలోమీటర్లు నడకే. మీరు పోతే నీరు వెనక్కి తగ్గే గంట చూసుకొని పోండి. మేము పదిన్నరకు చేరినం. రెండు బండలు తేలి ఉన్నయి. మూడోదాని మీద, అలలు తీరాన్ని కోయకుండా అడ్డంగా పోసిన రాళ్ల గుట్ట ఉంది.

"ఎండాకాలంలో పోశారు బాబూ" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ముసలాయన. "కొత్త రాళ్లకు ఆలిచిప్పలు అప్పుడే పట్టేశాయి."

"నత్తలు?"

"అవి రాలేదు."

అంటే నా సీసాలోనివే ఆఖరివి.

స్రవంతి మోకాళ్ల మీద కూర్చొని గంటన్నర రాళ్ల సందులు తడిమింది. "పక్క బండయి తీసుకపోదాం, ఎవరికి తెలుస్తది?" అన్న.

"డీఎన్‌ఏకు తెలుస్తదన్నా."

నీరు పెరిగే ముందు ఒక సందులో నాలుగు నత్తలు, పక్కనే బియ్యపుగింజలంత గుడ్ల సంచులు దొరికినయి. ఈసారి వాసన చూసి మరీ స్పిరిట్ పోసిన.

మధ్యాహ్నం రైలుకు తిరిగి బయల్దేరినం. ఇప్పుడు ఒట్టు సంగతి. ఆ నాలుగు నత్తలు నేను అల్లినవి. ఏమీ దొరకలేదు. స్రవంతి నోటుబుక్కులో మూడో బండ ఎదురుగా "దొరకలేదు" అని రాసింది. అనకాపల్లి దాటినంక అది కొట్టేసి "లేవు" అని రాసింది. నేను చూస్తున్నట్టు ఆమెకు తెలుసు. పుస్తకం మూయలేదు.