పంచె కట్టిన గ్రీకు కూజా

నా చిన్నప్పుడు, ధవళేశ్వరంలో మేముండే రోజుల్లో, ఆనకట్ట ఇంజనీరు దొరగారి భార్య ఒకనాడు మా ఇంటికి వచ్చింది. మా తాతయ్య కుండలు చేసేవాడు. పెళ్లి కుండల మీద రంగుల బొమ్మలు వేసేది మా నాయనమ్మ. దొరసాని గడ్డిలో చుట్టి తెచ్చిన కూజా ఒకటి బయటికి తీసింది. వేల ఏళ్లనాటి గ్రీకు కూజాను చూసి ఇంగ్లీషు సీమలో ఎవరో చేసిన నకలట. హాల్లో జోడీగా పెట్టుకోవడానికి అచ్చం అలాంటిదే మరొకటి కావాలంది. మున్షీ దగ్గర నేర్చిన ఆవిడ తెలుగు పుస్తకం చదువుతున్నట్టుండేది.

కూజా చుట్టూ అయిదుగురు నల్లటి మగవాళ్లు పరుగు పందెంలో ఉన్నారు. ఒక్కడి ఒంటి మీదా నూలుపోగు లేదు.

తాతయ్య కిందా మీదా పడి ఆ సన్నటి మెడనూ, రెండు చెవులనూ అచ్చు గుద్దినట్టు దించాడు. కాల్చి నాయనమ్మ చేతికిచ్చాడు. దొరసాని వచ్చే రోజు పొద్దున్నే చూస్తే, పరుగెత్తే అయిదుగురికీ ఎర్రంచు తెల్ల పంచెలున్నాయి. ముందున్నవాడికి కండువా కూడా!

తాతయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఎంత పని చేశావే! బంగళా పెంకుల పని మనకే ఇస్తానంది ఆవిడ. ఇంకేం ఇస్తుంది?"

"ఆడపిల్ల తిరిగే ఇంట్లో ఆ దిసమొలల్ని ఎలా వెయ్యమంటారండీ?" అంది నాయనమ్మ.

తుడిస్తే రంగు పోలేదు. ఇంతలో వీధిలో బండి ఆగింది. తాతయ్య నా చెవిలో, "నేనే తెలీక వేశానని చెప్పు. చిన్నపిల్లవి, ఏమీ అనదు" అన్నాడు. భయపడుతూనే తలూపాను.

దొరసాని కూజాను గుండ్రంగా తిప్పి చూసింది. "ఈ పురుషులకు వస్త్రములు ఎవరు ఇచ్చిరి?"

నేను నోరు తెరిచేలోగా నాయనమ్మ నన్ను తన వెనక్కి లాగేసింది. "నేనేనండి. పిల్లకేం తెలీదు. అలాంటి బొమ్మలు నా చేత్తో వెయ్యలేనండి. నచ్చకపోతే వదిలేసి వెళ్లండి." ఆవిడ గొంతు వణికింది, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

దొరసాని నవ్వాపుకోలేక మా అరుగు మీద కూలబడింది. ఆదివారం పాదిరీగారు విందుకు వస్తున్నారట. పాత కూజాను ఎక్కడ దాచాలో తెలీక సతమతమవుతోందట. హాల్లోకి పంచెల కూజా వెళ్లింది, పాతది అల్మారాలోకి. పెంకుల పనీ మాకే వచ్చింది. పైగా మరో కూజా చేయమని, "కండువాలు అందరికిని ఉండవలెను" అని మరీ చెప్పి వెళ్లింది.

తాతయ్య వారం రోజులు నా మొహం సూటిగా చూడలేకపోయాడు.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. ఇంట్లో ఏదైనా నావల్ల చెడితే, "నేనే చేశాను" అనడానికి ఈ వయసులోనూ గొంతు వణుకుతుంది. అయినా అనేస్తాను. పక్కన పిల్లలెవరైనా ఉంటే, ముందు వాళ్లను నా వెనక్కి లాక్కుంటాను.