మంచులో కాలువ

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కలు ఆపకుండానే వెళ్ళిపోయింది. ఉదయం ఏడు. లడఖ్‌లో ఒక హిమానీనదం మీద మా పోస్టు. భుజాన తాడు, చేతిలో మంచు గొడ్డలి. నాలుగడుగులకే ఊపిరి అందలేదు.

శిక్షణలో సుబేదార్ గట్టిగా చెప్పి పంపాడు. "అక్కడి ఏ ఆకారాన్నీ మీ ఊరి పేరుతో పిలవకండి."

మా రేడియో ఆపరేటర్ వినే రకం కాదు. సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరి పండించే ఇంటివాడు. మా ఊరు హగరి. పోస్టులో బళ్ళారి వాళ్ళం ఇద్దరమే. మంచు మోసుకొచ్చి పోసిన రాళ్ళను వాడు గుట్ట అనేవాడు. మంచు దిబ్బల మధ్య సందును కనుమ అనేవాడు. నవ్వుకునేవాళ్ళం. నవ్వకపోతే అక్కడ పిచ్చెక్కుతుంది.

ఒక తుపాను తెరిపిచ్చిన మధ్యాహ్నం, విమానం జారవిడిచిన కిరోసిన్ డబ్బాల కోసం నలుగురం ఒకే తాడు కట్టుకుని వెళ్ళాం. డబ్బా ఎత్తుకోవడానికి అడ్డమని వాడు తాడు విప్పేశాడు. పక్కనే మంచులో సన్నని పల్లం, తిన్నగా పోస్టు వైపు సాగింది.

"ఈ కాలవలో పోదాం రాప్పా, గాలి తగల్దు."

మా వైపు ఎండాకాలం నీళ్ళు బంద్ చేస్తే జనం కాలువలోనే నడుస్తారు. గట్టు మీద వడగాలి, అడుగున గట్టి నేల. వాడికి పల్లమంటే అంతే. ఇక్కడ పల్లమంటే కింద లోతైన బీట ఉందని, దాన్ని కప్పిన మంచు కుంగుతోందని.

"దిగొద్దురా!" అని అరిచాను. అప్పటికే దిగాడు. కాళ్ళ కింద మంచు తెగి మాయమయ్యాడు. చప్పుడు కూడా కాలేదు.

నా రేడియో సెట్‌లో వాడి గొంతు వచ్చింది. "ఇరుక్కున్యానప్పా. కింద నీళ్ళ సప్పుడు ఇనబడతాండాది. బిరీన రా."

తాడు దించాం. అందలేదు. పోస్టు నుంచి పొడవాటి తాడు వచ్చేలోగా సెట్ మూగబోయింది. మూడో రోజు వెతుకులాట ఆపమని ఆర్డరు. నాకు ఏడుపు రాలేదు. వాడి మీద కోపం వచ్చింది.

డ్యూటీ ముగిశాక సిరుగుప్ప వెళ్ళాను. వాళ్ళమ్మ గడప దగ్గర చేటలో బియ్యం చెరుగుతోంది.

"వాడు పడిన తావు కొండేనా నాయనా?"

"కాదమ్మా. మంచు నది. కొంచిం కొంచిం ముందుకు జరుగుతాంటాది."

ఆమె చేట పక్కన పెట్టింది.

"నదైతే యాడో ఒక కాడ బయటికి వస్తాది గదప్పా. ఏ ఊరికాడ? పోయి ఆడనే కూకుంటా."

ఆ నది నడకకు ఆమె ఆయుష్షు చాలదు, నాదీ చాలదు. ఎలా చెప్పను? ఆమె అప్పటికే లేచి, చీరకంటిన తవుడు దులుపుకుని, చెప్పుల్లో కాళ్ళు పెడుతోంది.