పాడె సుడి

నకరికల్లులో మా పెదనాన్న పుల్లయ్య ఒంటి మీది వెంట్రుకల సుడి చూసి సరేననందే ఎవరూ ఎద్దును కొనేవాళ్లు కాదు. పందొమ్మిది వందల నలభై మూడులో పక్కింటి గురవయ్యకు ఉన్న ఒక్క ఎద్దుకు జతగా మామగారు ఓ ఎద్దునిచ్చాడు. పెదనాన్న దాని వీపు తడిమి, "ఇది పాడె సుడిరా, యజమానిని మింగుద్ది" అన్నాడు. గురవయ్య హడలిపోయి దాన్ని అయినకాడికి అమ్మేశాడు. జతలో ఒకటి పోయాక అరక కట్టలేక కూలికి పోయాడు.

మూడేళ్లకు కోటప్పకొండ తిరునాళ్లలో అదే ఎద్దు ప్రభ బండి లాగుతూ పెదనాన్నకు కనిపించింది. దాని యజమాని, పళ్లూడిన ముసలాయన, బండి ముందు చిందులేస్తున్నాడు.

"ఇది వచ్చినాకే మా ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతోందయ్యా" అన్నాడు.

పెదనాన్న కొండెక్కకుండానే వెనక్కొచ్చి గురవయ్య గుమ్మం ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదేరా."

"తప్పు సరే బాబాయ్, నా చేను ఎవరు దున్నుతారు?"

ఆ ఏటి నుంచి తొలకరికి మా అరక ముందు గురవయ్య చేలోనే దిగేది, తర్వాతే మా చేలో. సుడి చూడమని ఎవరన్నా వస్తే పెదనాన్న తలపాగా విప్పి నెత్తి చూపించేవాడు.

"రెండు సుళ్లున్నోడికి ఇద్దరు పెళ్లాలన్నారు. నాకు రెండోది ఏదిరా? ఎద్దును నడిపించి చూసుకో, ఫో!"