బల్లకట్టు మనిషి పని ఎక్కడిదాకా

మా మరిది కృష్ణ మీద బల్లకట్టులో పనిచేసేవాడు. మేళ్లచెరువు దిక్కు నుంచి వచ్చే సిమెంటు లారీలను అవతలి ఒడ్డుకు చేర్చే వెడల్పాటి పడవ అది. లారీ కదలకుండా చక్రం కింద అడ్డుచెక్క పెట్టడం, మళ్లీ తీయడం ఆయన పని. ఒకరోజు అవతలి రేవులో లారీ పడవ దిగి, గట్టు ఎక్కబోయి వెనక్కి జారింది. వెనక చక్రం ఆయన పాదం మీదికెక్కింది.

మిర్యాలగూడ దవాఖానలో ఒక ఆపరేషన్ చేశారు. ఇంకొకటి చేస్తే తప్ప మడమ నేలకు ఆనదన్నారు. నష్టపరిహారం వస్తేనే అది అయ్యే పని. ఓనరేమో, "నీళ్ల మీదున్నంతసేపే నా మనిషి, ఒడ్డెక్కినంక నాకేం సంబంధం?" అన్నాడు.

నాకు ఆ మాట మనసులోంచి పోలేదు. నీళ్ల మీద పనిచేసేవాడి పని ఎక్కడ ఆగుతుంది? బురద దగ్గరా, పొడిమన్ను దగ్గరా? వానాకాలం కృష్ణ పైకొస్తుంది, ఎండాకాలం కిందికి పోతుంది. మరి ఆ హద్దు కూడా నదితోపాటు జరుగుతుందా? మా అత్తనడిగితే, "నన్నడుగుతవేందే, నేనేమన్న వకీలునా? ఆ లేబర్ ఆఫీసు సార్నే అడుగుపో!" అని కసిరింది.

పరిహారం కోసం పెట్టిన అర్జీ మీద పిలిచిన రోజు సూర్యాపేట లేబర్ ఆఫీసుకు మరిదితో నేనూ పోయాను. ఓనరు తరఫున రేవు మేస్త్రీ వచ్చాడు.

"పడవ దిగి చాయకు పోతుండె సార్. అప్పటికి పని ఖతం," అన్నాడు మేస్త్రీ.

"చాయనా? గొంతుల సుక్క నీళ్లు వడలే ఆ పొద్దు!" అన్నాడు మరిది.

ఆఫీసరు ఆయన్ని ఆగమని, మేస్త్రీ వైపు తిరిగాడు. "గట్టు మీద లారీ జారితే చెక్క ఎవరు పెడతరు?"

మేస్త్రీకి రేవు మాట రాగానే హుషారొచ్చింది. "మా మనిషే సార్! లారీ రోడ్డెక్కేదాక చెక్క పట్టుకొని చక్రం వెంబడే నడవాలె. గది మా రేవు పద్ధతి. అట్లయితేనే డ్రైవర్లు మా బల్లకట్టెక్కుతరు."

"ఆ లారీ రోడ్డెక్కిందా?"

మేస్త్రీ మా మరిదిని చూశాడు, తర్వాత నేల చూశాడు.

అది పనిలో తగిలిన దెబ్బేనని, పరిహారం ఓనరే కట్టాలని తర్వాత తేల్చారు. ఆ తీర్పు విన్న పూట మేం ఇంటికి పోలేదు. "రెండో ఆపరేషన్‌కు ఎప్పుడు రమ్మంటడో డాక్టర్ని అడుగుదాం పా వదినా," అన్నాడు మరిది. మిర్యాలగూడ బస్సెక్కాం.