మా మేనత్త పెడిక్యూర్

మా మేనత్తకు ఒకటే పిచ్చి, కాళ్ల శుభ్రం. ఎవరు ఎదురైనా మొహం చూసేది కాదు, కాళ్లు చూసేది. మా ఆఫీసరు ఒకసారి ఇంటికొస్తే, కూర్చోమని కూడా అనకుండా, "ఆ బొటనవేలి గోరు ఎప్పట్నుంచి పచ్చబడింది నాయనా?" అంది. పాపం ఆయన కాఫీ తాగినంతసేపూ ఆ కాలిని రెండో కాలి వెనక దాచుకున్నాడు.

ఇలాంటి మనిషి నెలనెలా పెడిక్యూర్‌కి వెళ్లేదంటే నమ్ముతారా? వెళ్లేది. సందు చివరి పార్లర్‌కి, ఎదురింటి టీచరమ్మ వెళ్లే రోజునే, ఆవిడకన్నా కాస్త ముందు, నన్ను తోడు లాక్కుని.

గుమ్మంలోనే మొదలయ్యేది.

"అమ్మాయ్, టబ్బు కడిగావా?"

"కడిగానాంటీ," అనేది పార్లరమ్మ.

"కడిగావా, నీళ్లు తిప్పి పారబోశావా?"

"సబ్బుతోనే కడిగానాంటీ."

"అడుగున జాలీ విప్పావా?"

పార్లరమ్మ పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూసేది. అత్త తనే వంగి జాలీ ఊడదీసేది. వెనక నుంచి ఎవరెవరివో వెంట్రుకలు, మడమల పొట్టు, గోటి ముక్కలు బయటపడేవి.

"చూడు, నిన్నటి కస్టమర్లంతా ఇంకా ఇక్కడే ఉన్నారు!"

ఆ తర్వాత క్రిములు చచ్చే మందు పోయించేది. "పోయగానే కడిగేస్తే అవి స్నానం చేసి వెళ్లిపోతాయి. నాననీ!" అనేది. కత్తెర్లు శుభ్రం చేయించి, మడమలు రుద్దే రాయి కొత్తది తీయించేది. చర్మం గీకే బ్లేడు కనిపిస్తే నేరుగా చెత్తబుట్టలోకే.

ఇంత యుద్ధం చేసి, వెచ్చటి నీళ్లు పట్టించి, ఆఖరికి మూతి ముడుచుకుని "ఇందులో నేను కాలు పెట్టనమ్మా" అని లేచిపోయేది. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వచ్చి, "మీ అత్తకు అన్నీ అనుమానాలే" అని నవ్వుతూ ఆ కుర్చీలోనే కూర్చునేది.

మామయ్యకు బదిలీ అయి వాళ్లు ఊరు వదిలారు. ఎంత వెలితో చెప్పలేను. నా గోళ్లు పెరిగినా అడిగే నాథుడు లేడు. తిట్టేవాళ్లు లేనప్పుడు ఎవరికోసం కత్తిరించుకోవాలి?

ఒకరోజు అత్త ఫోన్ చేసింది.

"రేపు టీచరమ్మ పార్లర్‌కి వెళ్తుంది. నువ్వు ముందెళ్లి గొడవ పెట్టుకో."

"నేనెందుకత్తా?"

"ఆవిడకు షుగరే. కాళ్లలో స్పర్శ సగం పోయింది. చిన్న గీత పడినా తెలీదు. ఆ టబ్బులోంచి ఏదైనా అంటుకుంటే కాలికే ముప్పు."

"మానెయ్యమని చెప్పొచ్చుగా?"

అత్త గొంతు తగ్గించింది. "బడిలో నిలబడి నిలబడి అరిగిన కాళ్లే అవి. వాళ్లాయన పోయాక ఆ కాళ్లని చేతుల్లోకి తీసుకుని 'నొప్పిగా ఉందా' అని అడిగేది పార్లరమ్మ ఒక్కతే. వద్దని ఏ నోటితో చెప్పను?"

"మరి నువ్వొక్కసారీ కాళ్లు పెట్టలేదేం? నీకిష్టం లేదా?"

"ఎందుకుండదే! ఆ వెచ్చటి నీళ్లు చూస్తే ప్రాణం లాగేసేది. నేను పెడితే మళ్లీ కడగాలి, మళ్లీ మందు నానాలి. ఈలోగా ఆవిడ వచ్చేయదూ?"

మర్నాడు వెళ్లాను. నాకు చేతనైనంత గొడవ చేశాను. టీచరమ్మ వచ్చి నీళ్లలో కాళ్లు పెట్టి, పక్కన ఖాళీ కుర్చీ వంక చూసింది.

"మీ అత్త పంపిందా?"

"లేదండీ, నేనే వచ్చాను," అన్నాను.

"పిల్లల అబద్ధాలు పట్టుకోవడమే కదమ్మా ఇన్నాళ్లూ నా ఉద్యోగం. ఆవిడ ఎందుకు పోట్లాడేదో నాకు తెలీదా? చెబితే రావడం మానేస్తుందని ఊరుకున్నాను." కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆవిడ అరుపులు లేకపోతే ఇక్కడేం బాగాలేదే. ఒక్కసారి రమ్మను. ఈసారి నేను ముందొచ్చి పోట్లాడతాను. ఆవిణ్ణి కూర్చోమను."

ఫోన్ చేసి చెప్పాను. అవతల అత్త కేక వినిపించింది.

"ఏమండీ! ఆ పేపరు పక్కన పడేసి రైలు టిక్కెట్లు చూడండి!"