ఫోన్ నర్సుకు మా అత్తగారి మర్యాదలు

మా అత్తగారిది ఆకివీడు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా దగ్గరే ఉంటారు. గుండె బలహీనం. ఏలూరు ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "కాళ్ళకు నీరు పడితే మాత్రం ఆలస్యం చేయకండి, ప్రాణం మీదకొస్తుంది" అన్నారు. రోజూ పొద్దున్నే వాళ్ళ ఏఐ నర్సు ఫోన్ చేస్తుందట. అత్తగారు చెప్పినదాన్నిబట్టి నా ఫోన్‌లో పచ్చగుర్తో ఎర్రగుర్తో పడుతుందట. హమ్మయ్య, నా నెత్తిన పాలు పోశారనుకున్నాను.

మొదటి రోజు ఫోన్ మోగగానే అత్తగారు పమిట సర్దుకుని నిటారుగా కూర్చున్నారు.

"నమస్కారమండీ. ఆయాసంగా ఉందా? కాళ్ళు వాచాయా?" అంది యంత్రం.

"అబ్బెబ్బే, బాగానే ఉన్నామండీ. మీరు టిఫిన్ చేశారా?"

"నేను కృత్రిమ మేధతో పనిచేసే సహాయకురాలిని. ఆహారం తీసుకోను."

"ఓహో, శనివారం కదూ! ఉపవాసమా అండీ?"

ఆదివారం కూడా తినలేదని తెలిసేసరికి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. "ఆ పిల్ల కడుపు మాడ్చి పనిచేయించుకుంటున్నారే అమ్మాయ్!" అని నా మీద విరుచుకుపడ్డారు, నేనేదో మాడ్చినట్టు. ఫోన్‌లో పచ్చగుర్తు పడింది.

పరాయివాళ్ళు క్షేమం అడిగితే బాగున్నామనే చెప్పాలి, మా వైపు అంతే. కాలు విరిగి మంచాన పడ్డవాడు కూడా "బాగానే ఉన్నామండీ, కాఫీ తాగి వెళ్ళండి" అంటాడు. బాధలన్నీ ఇంట్లోవాళ్ళకు, అంటే నాకు.

"కాళ్ళు బరువుగా ఉన్నాయమ్మాయ్" అనేవారు.

"ఆ నర్సుకు చెప్పండత్తయ్యగారూ, రాసుకుంటుంది" అనేదాన్ని వంటింట్లోంచే, వెనక్కి తిరక్కుండా.

"పస్తులుండే పిల్ల. పొద్దున్నే దానికి నా గోలెందుకు?"

ఒకరోజు చెప్పులు బిగుతయ్యాయన్నారు. వానకు తడిసి ముడుచుకున్నాయని ఒక సైజు పెద్దవి కొన్నాను. వారం తిరక్కుండా అవీ పట్టలేదు. ఆ చెప్పులు చేసినవాణ్ణి తిట్టుకుంటూ ఈసారి అత్తగారినే దుకాణానికి తీసుకెళ్ళాను. దుకాణదారు ఆవిడ పాదం చూసి, చేతిలో చెప్పు కింద పెట్టేశాడు.

"ఏవండీ, ఈ వయసులో కాళ్ళు పెరగవండీ. డాక్టరుగారికి చూపించండి."

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే ఫోన్ తీసి చూశాను. ఆ పొద్దున కూడా పచ్చగుర్తే.

అటునుంచి అటే ఏలూరు పరుగెత్తాం. డాక్టరుగారు కాలిమీద బొటనవేలితో నొక్కారు. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. "ఇంకో రెండు రోజులైతే చేయిదాటిపోయేదమ్మా" అని నాతో అని, అత్తగారి వైపు తిరిగారు. "ఫోన్‌లో చెప్పలేదు సరే, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదా?"

నేను అత్తగారి చెప్పులకేసి చూశాను.

"అబ్బే, లేదండీ" అన్నారు అత్తగారు, ఫోన్‌లో మాట్లాడే గొంతుతోనే. "చెబితే మా కోడలు ఊరుకుంటుందా? కన్నతల్లిలా చూసుకుంటుందండీ."

నలుగురిలో నన్ను తిట్టిపోసినా అంత ఏడుపు వచ్చేది కాదు.