ఐసీయూ తలుపు సందులోంచి వచ్చిన చేయి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఖాజాగూడ గుట్టల్లో రాళ్లు కొట్టి బతికినోణ్ని. బండల నడుమ ఒక్కణ్నే పండుకున్న రాత్రులు ఎన్నో. పాములను చూసిన, దొంగలను చూసిన, దయ్యం మాత్రం ఒక్కటి కనపడలేదు. బడి మొగం ఎరుగను. పొట్లం కాగితాల మీద, గోడల మీది రాతల మీద అక్షరాలు పట్టుకొని చదువు నేర్చుకున్న. అట్ల నేర్చుకున్నోడు చేతికొచ్చిన ప్రతిదీ చదువుతడు, ఎవరో చెప్పిండ్రని దేన్నీ నమ్మడు. కాబట్టి ఇది భయపెట్టే కథ కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

మా ఇంటామె బాలమణికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. హైటెక్ సిటీ దిక్కు ఒక పెద్ద దవాఖానలో ఐసీయూలో పెట్టిండ్రు. పేరు రాయను, ఎందుకంటే ఏ పెద్ద దవాఖాన కథైనా ఇదే. మాకు పిల్లల్లేరు. బయట కూర్చోవాలన్నా, పరుగెత్తాలన్నా నేనొక్కణ్నే.

చేర్చుకునేటప్పుడే ఒక ముచ్చట గట్టిగ చెప్పిన. బాలమణికి పెన్సిలిన్ జాతి మందులు పడవు. ఎన్నడో చందానగర్‌లో ఒక డాక్టరు ఆ సూది వేస్తే మొగం ఉబ్బి, ఊపిరి ఆగి, చావు దాకా పోయి వచ్చింది. "రాసుకున్నం పెద్దాయనా" అని ఆమె మణికట్టుకు ఎర్ర పట్టీ వేసిండ్రు. గాజులు తీసి కవర్లో పెట్టి నా చేతికిచ్చిండ్రు. తలుపు మూసుకుంది.

ఇగ అక్కడి పద్ధతి చెప్పాలె. మందు కావాలంటే లోపలి నర్సు కంప్యూటర్లో కొడుతది. కింద ఫార్మసీలో మందులు కవర్లో వేసి, పైన బిల్లు పెట్టి పిన్ను కొడుతరు. పేషెంటు మనిషి పోయి తెచ్చుకోవాలె. ఐసీయూ కాడ బెల్లు కొడితే తలుపు జానెడు తెరుచుకుంటది. నీలం తొడుగు వేసుకున్న ఒక చేయి బయటికొచ్చి కవరు తీసుకుంటది. తలుపు పడుతది. మొగం కనపడదు, మాట వినపడదు. ఆమె బాగుందా అని చేతిని అడుగుతమా? పెండ్లాం లోపల, మందులు కింద, మొగుడు లిఫ్టులో. ఇంత అద్దాల మేడ కట్టినోళ్లకు మందును పైకి పంపే ఉపాయం దొరకలేదంటే నేను నమ్మను.

ఆ హాల్లో నాతోని మాట్లాడే మనిషి ఓబులేసు ఒక్కడే. కడప దిక్కు మనిషి, కొత్తగూడలో ప్లాట్లు అమ్మిపెడతడు. అతని తమ్ముడు కూడా అదే ఐసీయూలో ఉన్నడు. నేను లిఫ్టు దిగినప్పుడల్లా, "ఏం పెద్దాయనా, మళ్లా మోస్తాండావా? ఆ లిఫ్టుకు నీ పేరే పెట్టాల" అని ఎగతాళి చేసేటోడు. ఆ ఎగతాళి కూడా లేకపోతే నోరు తెరిచే పని ఉండేది కాదు.

ఆ దినం మధ్యాహ్నం, అన్నాల వేళ దాటినంక, మందు తెమ్మని పిలుపొచ్చింది. జ్వరం తగ్గలేదట, మందు మార్చిండ్రట. ఫార్మసీ కాడ డ్యూటీలు మారే సమయం, జనం మీద జనం. కౌంటర్లో కొత్త పిల్ల కవరు ఇచ్చింది. నేను పిన్ను తీయబోయిన.

"ఇక్కడ విప్పకండి బాబాయ్. పిన్ను తీస్తే మళ్లీ వాపసు తీసుకోరండి."

"నా పెండ్లానికి ఎక్కే మందు నేను చూడొద్దా?"

"లోపల సిస్టర్ చూస్తారండి. పక్కకు రండి, లైను ఆగిపోతోంది."

కోపం మింగి పైకి పోయిన.

బెల్లు కొట్టిన. జర ఆలస్యంగ తలుపు జానెడు తెరుచుకుంది. చేయి బయటికొచ్చింది. తొడుగు లేదు.

కవరు అందించిన. చేయి తీసుకోలేదు. అరచేయి కవరుకు ఆనించి వెనక్కి నెట్టింది. ఈ నర్సుకు ఇంత పొగరేంది అనుకున్న. "తీసుకో బిడ్డా, ఇప్పుడే పిలిచిండ్రు" అని మళ్లా ముందుకు పెట్టిన. ఈసారి గట్టిగ నెట్టింది. కవరు నా ఛాతీకి తగిలింది. దాని వేళ్లు నా వేళ్లకు తగిలినయి.

అప్పుడు చూసిన. చిటికెన వేలు నడుమ కణుపు కాడ వంగి ఉంది. బాలమణి వయసులో ఉన్నప్పుడు గుట్ట మీద రాయి జారి పడితే అట్ల వంగిన వేలు అది, మళ్లా సాపు కాలేదు. మణికట్టు మీద పచ్చబొట్టు చుక్కలు. ఎర్ర పట్టీ. గాజులుండే జాగ బోసిగ, తెల్లగ.

తలుపు మూసుకుంది.

లిఫ్టులోంచి ఓబులేసు దిగిండు. ఛాయ్ తాగొచ్చిండు; తమ్మునికి మందు తెమ్మని పిలుపొస్తే మళ్లా కిందికి పోబోతున్నడు.

"ఏమైంది పెద్దాయనా? మొగం అట్లుండాదే."

"కవరు తీసుకుంటలేరు."

"పో, పోయి కొట్లాడు. నువ్వు కొట్లాడకుంటే ఈ ఆసుపత్రి యాడ నడుస్తాది?"

చూసింది అతనికి చెప్పలేదు. ఏమని చెప్పాలె? భయమేస్తే నాకు కోపమొస్తది, చిన్నప్పటి నుంచి అంతే. ఆ కోపం పట్టుకొనే కిందికి దిగి, కవరు కౌంటరు మీద కొట్టిన. "మీరు ఇచ్చేది పైనోళ్లు తీసుకోరు, పైనోళ్లు అడిగేది మీరు చూపియ్యరు. నడుమ నేనేంది, ఫుట్‌బాలా?"

ఆ పిల్ల చిరాకుగ పిన్ను పీకింది. బిల్లు చూసింది, డబ్బా చూసింది, మళ్లా బిల్లు చూసింది. వెనక్కి తిరిగి పిలిచింది. ఫార్మసీ పెద్ద వచ్చి చూసిండు. బిల్లు బాలమణిది, మందు ఓబులేసు తమ్మునిది. రెండు కవర్లు పక్కపక్కన పెట్టి, ఆ గుంపులో బిల్లులు తారుమారు చేసి పిన్నులు కొట్టిండ్రు. డబ్బా మీది పేరు నేనే కూడబలుక్కొని చదివిన. పెన్సిలిన్ జాతే. చందానగర్‌లో నన్ను ఏడిపించిన మందుకు తోబుట్టువు.

"సారీ అండి, సారీ అండి" అని ఆ పిల్ల ఏడ్చింది. "పైన సిస్టర్ ఎట్లాగూ చూసి ఆపుతుంది" అన్నడు ఫార్మసీ పెద్ద. ఆపునేమో. ఆపకపోవునేమో.

సరైన కవరు తీసుకొని పైకి పోయి బెల్లు కొట్టిన. నీలం తొడుగు చేయి వచ్చింది. కవరు విడవలేదు నేను.

"ఇందాక వచ్చినామె ఎవరమ్మా?"

నర్సు తల బయటికి పెట్టింది. "ఇందాక ఎవ్వరూ రాలేదు తాతా. బెల్లు వినపడ్డది గాని, మూల బెడ్డు పేషెంటుకు గుండె ఆగితే అందరం అక్కడ్నే ఉన్నం. తలుపు కాడికి వచ్చే తీరిక ఎవరికుంది?"

సాయంత్రం చూడనిచ్చే సమయంలో లోపలికి పోయిన. బాలమణి మంచం తలుపుకు అటు చివర ఉంది. నోట్లో గొట్టం, కండ్లు మూత. గొట్టం పీక్కోకుండ రెండు చేతులూ బ్యాండేజీ గుడ్డతోని మంచం కమ్మీలకు కట్టి ఉన్నయి. ముడులు పట్టి చూసిన. గట్టిగ ఉన్నయి. "మధ్యలో ఎవరైనా ఇప్పిండ్రా?" అంటే, "పొద్దున కట్టినం, ఇప్పలేదు" అన్నరు. కెమెరా చూపియ్యమని సెక్యూరిటీని అడిగిన. "అది లిఫ్టు దిక్కు ఉంటది తాతా, తలుపు దాంట్ల పడదు" అన్నడు.

జ్వరం దిగింది. గొట్టం తీసిండ్రు. వార్డుకు మార్చినంక, గాజులు తొడుగుతూ అడిగిన, "ఆ దినం తలుపు కాడికి వచ్చినవా?" అని. తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "పిచ్చి ముసలోడా, లోపల ఉన్నన్ని దినాలు నాకు చేతులున్నట్టే తెలువలేదు" అన్నది. నవ్వింది, దగ్గింది. మళ్లా అడగలేదు నేను.

ఆమె ఇంటికొచ్చింది. మరుసటి ఎండకాలం దాకా ఉంది. గోంగూర వండింది, నాతోని కొట్లాడింది, నా చదువును ఎక్కిరించింది. ఒక పొద్దున ఛాయ్ చల్లారక ముందే గుండె ఆగి పోయింది. ఆ ఏడాది నాకు ఎవరిచ్చిండ్రో నాకు తెలువదు.

చదువుకున్నోళ్లు అంటరు, పరేషాన్‌లో ఉన్న మనిషికి ఏదో ఒకటి కనపడుతది అని. ఒప్పుకుంటా. మరి కవరును నెట్టిందెవరు? నేను చదవని మందు నా కంటికెట్ల తెలిసింది? దీనికి జవాబు చెప్పినోడు ఇంకా పుట్టలేదు.

దయ్యమంటే చచ్చినోళ్లది అంటరు. ఆ దినం నా బాలమణి బతికే ఉంది. నా వేళ్లకు తగిలిన వేళ్లు వెచ్చగ ఉన్నయి. ఇప్పుడు నిజంగ లేదు. లోకం చెప్పే లెక్క ప్రకారం రావాల్సింది ఇప్పుడు. ఇల్లంతా ఖాళీ, తలుపు గడియ కూడా పెట్టను. ఒక్కనాడూ రాలేదు.